మంద నడకకు తగిన నడక
(పఠన భాగము: ఆదికాండము 33వ అధ్యాయము, 12–17 వచనములు)

ఏశావు నాలుగువందల మందితో ఎదురువచ్చి తమ్ముని కౌగిలించుకొనిన పిమ్మట, కలిసి పోదము రమ్మని పిలిచెను. యాకోబు ఒప్పుకొనలేదు. తన బిడ్డలు పసివారనియు, పాలిచ్చు పశువులు తనతో నున్నవనియు, ఒక్క దినము వడిగా తోలినను అవి నిలువవనియు చెప్పెను. ఈ భాగమును మేము పలుమారులు చదివి దాటిపోయితిమి. దీని భావము మాకు పట్టుబడినది జపాను దేశమున, ఫూజీ పర్వతము మీద, నడిరాత్రి వేళ.

ఉద్యోగముల నిమిత్తము టోక్యోలో నివసించు తెలుగువారము తొమ్మండుగురము 2025 జూలైలో ఆ కొండ యెక్కితిమి. ఫూజీ 3,776 మీటర్ల యెత్తుగల అగ్నిపర్వతము. కడపట 1707లో అది బ్రద్దలైనప్పుడు, నేటి టోక్యో నగరమున్న చోటివరకు బూడిద కురిసినది. యోషిదా దారిన బస్సు 2,300 మీటర్ల యెత్తుననున్న అయిదవ మజిలీ వరకు పోవును. అక్కడినుండి నడకయే. ఆ యేడు మనిషికి 4,000 యెన్‌ల రుసుము; కొండమీది బసలో చోటు కుదుర్చుకొననివారిని మధ్యాహ్నము రెండు గంటలు దాటిన తరువాత ద్వారము దాటనియ్యరు. విశ్రాంతి లేక ఒక్క రాత్రిలో ఎక్కి దిగబోయి జబ్బుపడువారు అనేకులుండుటచేత ఈ కట్టుబాటు.

అయిదవ మజిలీలో గంటయైన ఆగి, పలుచని గాలికి శరీరమును అలవాటు చేసికొనవలెను. మేము ఆగలేదు. ఆలస్యమైనచో బసలో పెట్టు కూరన్నము దొరకదేమోనని మా తొందర!

ఎనిమిదవ మజిలీలో భుజము భుజము ఆనించి కొంతసేపు పరుండి, రాత్రి ఒంటిగంటకు లేచితిమి. క్రింద మలుపు మలుపునకు యాత్రికుల దీపములు వరుసగా వచ్చుచుండెను. మాలో పెద్దదైన ఒక అక్కగారు అందరికంటె వెనుకబడిరి. బలిష్ఠుడైన ఒక తమ్ముడు ఆమె ప్రక్కనే నడచుచుండెను. తోడుగా నున్నాడని మేము మెచ్చుకొంటిమి.

ఆమెయే గుర్తుపట్టినది. వానికి సాయంకాలమునుండి తలనొప్పి. అప్పటికి రెండుమారులు వాంతియైనది. “అక్కా, వారితో చెప్పకండి. నావలన అందరికి సూర్యోదయము తప్పిపోవును” అని బ్రతిమాలుకొనెనట. ఆ యెత్తున గాలి పీడనము సముద్రతీరమున నుండుదానిలో ఇంచుమించు మూడింట రెండు వంతులే. పట్టుదల గాని యౌవనబలము గాని దానికి మందు కావు. క్రిందికి దిగుటయే మందు.

“శిఖరము దగ్గరనే యున్నది, వీనిని బసలో పండుకొనబెట్టి పోయి వత్తము” అను మాట లేచినది. దాచనేల, ఆ మాట అనినది మేమే. అక్కగారు కోపపడలేదు. “మీరు వెళ్లి రండి నాయనా, నేను వీనితో దిగుదును” అనిరి. మరుసటి నెలలో ఆమె స్వదేశమునకు మరలిపోవలసియుండెను. ఆ కొండ ఆమెకు మరల లేదు. ఆ మాటతో మాకు సిగ్గు కలిగి మేమును వెనుదిరిగితిమి. తక్కిన ఆరుగురు పైకి పోయిరి.

యాకోబు ఆ మాట చెప్పి శేయీరునకు పోనేలేదు, సుక్కోతునకు పోయెను. కనుక అది అన్నను తప్పించుకొనుటకు పన్నిన సాకు అని కొందరందురు. అది కావచ్చును. అయినను ఎన్నో యేండ్లు మందలను కాచినవాడే అట్టి సాకు చెప్పగలడు. వెనుకనున్న గొఱ్ఱె కుంటుచున్నదో లేదో ముందు నడచువానికి కనబడదు. సుక్కోతులో అతడు తనకొక ఇల్లు కట్టుకొని, పశువులకు పాకలు వేసెను.

ఆ కొండవాలు తూర్పు ముఖముగా నుండుటచేత సూర్యోదయము మాకును తప్పలేదు. నాలుగున్నర ప్రాంతమున మేఘములు క్రిందనుండి ఎఱ్ఱబారినవి. నల్లని లావా రాళ్లమీద ముగ్గురము కూర్చుండి చూచితిమి. తమ్ముడు మాత్రము కన్నులు మూసికొనియే యుండెను. అయిదవ మజిలీ చేరునప్పటికి వానికి తల తేలికయై, వేడి సేమియావంటి లావుపాటి ఉదోన్ ఒక గిన్నెడు తిని, మరియొక గిన్నె కావలెనని అడిగెను. అక్కగారే డబ్బిచ్చిరి.