మితభాషి మందు మానినప్పుడు

మందు మానినవాడికి అందరూ ఇచ్చే సలహా "నలుగురితో కలువు" అని. నలుగురితో కలవలేకే తాగినవాడికి ఆ సలహా ఏం పనికొస్తుంది? నాలాంటి మితభాషుల్లో చాలామందికి రెండు పెగ్గులు పడితే గాని పెళ్లిపందిట్లో నోరు పెగలదు. మానేసిన రోజు సీసాతో పాటు ఆ కాస్త సావాసమూ పోతుంది. ఆ ఖాళీలో నేను నేర్చుకున్నవి చెబుతాను.

1. గదిలో తలుపేసుకుని మానకండి. సిగ్గరులు చేసేది సరిగ్గా అదే, ఎవరికీ తెలియకుండా బాగుపడాలని. ఏళ్ల తరబడి రోజూ బాగా తాగినవాళ్లు ఉన్నట్టుండి ఆపితే కొద్ది గంటల్లోనే చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. ఆ తర్వాత కొందరికి మతి చెదిరి లేనివి కనిపిస్తాయి. ప్రాణాలు పోయినవాళ్లూ ఉన్నారు. దీనికి మందులున్నాయి. డాక్టరు దగ్గరకు వెళ్లడం నామోషీ కాదు.

2. సాయంత్రం ఖాళీ కడుపుతో ఉండకండి. ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట, ఈ నాలుగూ మళ్లీ గ్లాసు పట్టిస్తాయని మానినవాళ్లు చెప్పుకుంటారు. ఒంటరితనాన్ని ఒక్క పూటలో పోగొట్టలేం. ఆకలిని పోగొట్టగలం. ఆరింటికల్లా రెండు ఇడ్లీలో, ఇంత పెరుగన్నమో తింటే సగం యావ అణుగుతుంది.

3. నలుగురు అక్కర్లేదు, ఒక్కరు కావాలి. దీన్ని నేను గట్టిగా నమ్ముతాను. తాగుడు మానాలనుకునేవాళ్ల సంఘం ఆల్కహాలిక్స్ అనానిమస్ పుట్టిందే అలా. 1935లో బిల్ విల్సన్ అనే న్యూయార్క్ వ్యాపారి పని మీద ఒహాయో రాష్ట్రంలోని ఏక్రన్ వెళ్లాడు. పని చెడింది. తాగుడు మాని కొన్ని నెలలే అయింది. హోటల్ లాబీలో ఒక పక్క బార్, ఇంకో పక్క టెలిఫోన్. అతను ఫోన్ దగ్గరకు నడిచి, తనలాంటి తాగుబోతు ఒకరితో మాట్లాడించమని చర్చిల వాళ్లను అడిగాడు. అలా దొరికిన మనిషి బాబ్ స్మిత్ అనే సర్జన్. పావుగంటకు మించి కూర్చోనని వచ్చిన ఆ డాక్టరు గంటల తరబడి కూర్చున్నాడు. ఈ రోజు ప్రపంచమంతా జరిగే ఆ సంఘం సమావేశాలకు మొదలు ఆ ఇద్దరే.

హైదరాబాద్, విశాఖ లాంటి నగరాల్లోనూ ఆ సమావేశాలు జరుగుతాయి. ఫీజు లేదు, ఇంటిపేరు అడగరు. మానాలన్న కోరిక ఉంటే చాలు. మాట్లాడే వంతు వస్తే "ఈ రోజు వింటాను" అనవచ్చు, ఎవరూ తప్పు పట్టరు. మాటలు రానివాళ్లు ముందుగా వెళ్లి కుర్చీలు వేయండి, టీ అందించండి. చేతికి పని ఉన్నచోట మౌనం ఎవరికీ ఎబ్బెట్టుగా ఉండదు.

4. పెళ్లిళ్లకూ ఇదే సూత్రం. వడ్డనలోకి దిగండి. సాంబారు బకెట్ పట్టుకున్నవాణ్ని "ఒక్క పెగ్గేరా" అని ఎవరూ పక్కకు లాగరు. లాగినా "మానేశాను" అన్న ఒక్క మాట చాలు, కారణాలు చెప్పనక్కర్లేదు. తిరిగి రావడానికి సొంత బండి ఉంచుకోండి.

5. ఒక్కరే ఉండడం మన స్వభావం, దాన్ని మార్చుకోనక్కర్లేదు. పుస్తకం, మొక్కలు, తెల్లవారుజామున నడక, అన్నీ మంచివే. అయితే దగ్గరివాళ్ల ఫోన్లు కూడా వరసగా ఎత్తబుద్ధి కాకపోతే అది విశ్రాంతి కాదు. ఆ రోజే ఒకరిని కలవండి.

6. రాత్రులు కష్టం. మందు తొందరగా నిద్ర పట్టిస్తుంది గాని, తెల్లవారేలోగా చెడగొడుతుంది. మానిన కొత్తలో ఆ నిద్రా పట్టదు, గోడలు చూస్తూ పడుకోవాలి. కొన్ని వారాలు పట్టినా చాలామందికి సర్దుకుంటుంది. అప్పటిదాకా ఓర్చుకోలేని రాత్రి 14416కు ఫోన్ చేయండి. 2022లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ అది. ఉచితం, ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడవచ్చు. ముఖం చూపించనక్కర్లేదు కనుక మనలాంటివాళ్లకు మరీ అనువు.

ఇక ఇంట్లోవాళ్లకు ఒక మనవి. మానిన మనిషి మౌనంగా ఉంటే మళ్లీ తాగాడేమోనని నోరు వాసన చూడకండి. మాట్లాడమని వేధించకండి. సాయంత్రం పూట మీ పని మీరు చేసుకుంటూ అతని పక్కన కాసేపు కూర్చోండి.