గిరాకీ లేనప్పుడైనా కూర్చోకూడదా?

ప్రశ్న: చీరల దుకాణంలో సేల్స్‌గాళ్‌గా చేస్తున్నాను. పొద్దున పది నుంచి రాత్రి తొమ్మిదిన్నర దాకా నిలబడే ఉండాలి. గిరాకీ లేకపోయినా కూర్చోనివ్వరు. కాళ్లు వాచిపోతున్నాయి. అడిగితే మానేయమంటున్నారు.
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: కేరళలో బట్టల దుకాణాల అమ్మాయిలు ఏళ్ల తరబడి పడిన బాధే ఇది. కాసేపు గోడకు ఆనుకుంటే జీతంలో కోత. బాత్రూముకు పంపరని నీళ్లు తాగడమే మానేసినవాళ్లున్నారు. కోళికోడ్‌లో కుట్టుపని చేసుకునే పి.విజి వాళ్లను కూడగట్టి ‘పెణ్‌కూట్టు’ సంఘం పెట్టారు. ఆ పోరాటం ఊరికే పోలేదు. దుకాణాల్లో కూర్చునే ఏర్పాటు తప్పనిసరి చేస్తూ 2018లో కేరళ, 2021లో తమిళనాడు తమ చట్టాలను సవరించాయి.

మరి మనకు? ఫ్యాక్టరీల్లో ఈ హక్కు 1948 నుంచే ఉంది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్య కోడ్ కూడా, నిలబడి పనిచేసేవాళ్లకు కూర్చునే ఏర్పాటు యజమాని బాధ్యతే అంటోంది. పది మంది, అంతకు మించి పనిచేసే సంస్థలకు ఇది వర్తిస్తుంది.

ఇక మీ డ్యూటీ పదకొండున్నర గంటలు! నిర్ణీత పనిగంటలు దాటి చేసిన పనికి రెట్టింపు వేతనం రావాలి. వచ్చే, వెళ్లే వేళలు రోజూ రాసిపెట్టుకోండి. కాళ్ల వాపును డాక్టరుకు చూపించి ఆ చీటీ దాచండి. ఒంటరిగా వెళ్లకండి; నలుగురైదుగురు కలిసి సంతకాలు చేసి కార్మిక శాఖ కార్యాలయంలో ఫిర్యాదివ్వండి, రసీదు తప్పక అడిగి తీసుకోండి.