పాలు కారే ఆ మొక్క సంగతి

చిట్టికి,

నువ్వు పంపిన ఫొటో చూశాను. పైనుంచి తీశావు, ఆకుల గుబురు తప్ప ఇంకేం కనబడలేదు. "తుంచితే పాలు కారాయి, నందివర్ధనమే కదా?" అని అడిగావు. పాలు చూసి తేల్చేయకు. నందివర్ధనానికీ పాలే, దేవగన్నేరుకీ పాలే, పచ్చగన్నేరుకీ పాలే. అన్నీ ఒకే కుటుంబం మొక్కలు. పూత వచ్చేదాకా ఆగనక్కర్లేదు, కణుపు దగ్గర వంగి చూస్తే చాలు.

నందివర్ధనమైతే కణుపు కణుపుకీ ఆకులు ఎదురెదురుగా, జంటగా ఉంటాయి. ఆ జంటలో తరచూ ఒకటి పెద్దది, ఒకటి కాస్త చిన్నది. ఆకు నిగనిగలాడుతుంది, అంచు కొంచెం అలలు తిరిగి ఉంటుంది. మామూలు గన్నేరుకి ఒక్కో కణుపు దగ్గర మూడేసి ఆకులు, పొడవుగా, దళసరిగా. దేవగన్నేరైతే లావుపాటి కొమ్మ కొసనే ఆకులన్నీ గుత్తికట్టి ఉంటాయి. పచ్చగన్నేరుకి జంటలుండవు. సన్నటి ఆకులు ఒకదాని తర్వాత ఒకటి కొమ్మ చుట్టూ తిరుగుతూ పైకి పోతాయి, నడిమి ఈనె తప్ప మిగతావి కంటికి ఆనవు.

పచ్చగన్నేరే అని తేలితే మొహమాటపడకుండా పీకించెయ్యి. మీవాడు దొరికిందల్లా నోట్లో పెట్టుకునే వయసులో ఉన్నాడు. ఆ చెట్టంతా విషమే, కాయలోని పప్పు మరీను, నేరుగా గుండె మీద పనిచేస్తుంది. మామూలు గన్నేరూ అంతే. పశువులు ముట్టవు, నీళ్ళు లేకపోయినా బతుకుతుంది కాబట్టి హైవే డివైడర్ల మీద దానికి సాటి లేదు. పసివాళ్ళు తిరిగే పెరట్లో మాత్రం వద్దు. కొట్టించేటప్పుడు పాలు కంట్లో పడకుండా చూసుకోండి. ఎండిన కొమ్మలకి మంట పెట్టకండి, ఆ పొగా మంచిది కాదు. ఫోన్లో యాప్ ఏదో పేరు చెప్పిందన్నావు. సరదాకైతే సరే, పిల్లాడి విషయంలో దాన్ని నమ్ముకోకు.

నందివర్ధనమే అయితే ఉంచుకో, రోజూ పూజకి పూలుంటాయి. దాని ఆకుల్నీ వాణ్ణి నమలనివ్వకు. అయితే ఇప్పుడున్న చోట వద్దు. సంపు మూత పక్కనే ఉందన్నావుగా, అది ఆరడుగులు ఎదిగి, అంతే వెడల్పున గుబురుకడుతుంది, మూత తీయడానికి దారుండదు. తూర్పువైపు, పొద్దుటి ఎండ పడే చోట, గోడకి మూడు నాలుగడుగులు వదిలి పెట్టు. నీడలోనూ బతుకుతుంది గానీ పూలు తగ్గిపోతాయి. పడగ్గది కిటికీ అటువైపే ఉంటే మరీ మంచిది, రాత్రిపూట వాసన బాగుంటుంది.

వానలు పడ్డాక, సాయంత్రం పూట, వేళ్ళ చుట్టూ మట్టిముద్ద చెదరకుండా తవ్వించు. పైకొమ్మలు మూడోవంతు కత్తిరించెయ్యి. ఆ కత్తిరించినవి పారెయ్యకు. పెన్సిలంత లావున్న ముక్కలు జానెడేసి కోసి, కింది ఆకులు దూసి, తడి ఇసుకలో గుచ్చిపెట్టు. పెద్దది నాటుకోకపోయినా వాటిలో ఒకటో రెండో చిగురిస్తాయి.

ఎప్పుడైనా ఆకులు రాత్రికి రాత్రి మాయమైతే కంగారుపడి మందు కొట్టకు. బొటనవేలంత లావు పచ్చ గొంగళిపురుగు, తల వెనక రెండు నీలం కళ్ళలాంటి మచ్చలతో, కొమ్మకి వేలాడుతూ దొరుకుతుంది. కొన్నాళ్ళు తిని, రంగు మారి నేలకి దిగిపోతుంది. మొక్క మళ్ళీ చిగురు వేస్తుంది.

ఈసారి కణుపు దగ్గరగా కనిపించేలా ఇంకో ఫొటో తీసి పంపు. అప్పటిదాకా వాణ్ణి అటు వెళ్ళనీయకు.

ఉంటాను,
పెద్దమ్మ