కారు ఎందుకు పుంజుకోలేదు?

విద్యార్థులారా! త్వరణమంటే ఏమిటని అడిగితే 'వేగంలో మార్పు రేటు' అని మీరు ఠక్కున చెబుతారు. నేనూ తరగతిలో అలాగే చెప్పేవాణ్ణి. అది ప్రాణం మీదికి వచ్చే విషయమని మాత్రం 1997లో శ్రీరామనవమికి భద్రాచలం వెళుతుండగా తెలిసింది.

కారులో మేము అయిదుగురం. పాల్వంచ దాటి అడవిలో ప్రవేశించాము. రోడ్డు పక్కన ఇప్పపూలు రాలి ఉన్నాయి. ముందు ఒక లారీ గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోతున్నది. దాన్ని దాటాలని కుడివైపుకు వచ్చి ఆక్సిలరేటరు పూర్తిగా తొక్కాను. ఇంజను గుర్రుమన్నది గాని బండి పుంజుకోలేదు. సగం దూరం వచ్చేసరికి మలుపులో బస్సు కనబడింది. బ్రేకు వేసి మళ్ళీ లారీ వెనక్కు చేరాము. వెనక సీట్లో మా అమ్మ రామనామం జపిస్తున్నది. నేను బండిని ఒక చెట్టు నీడన ఆపాను.

వెనక్కు తిరిగి చూస్తే ఆ కారు నెల రోజులుగా ఇలాగే ఉన్నది. మెకానిక్కు స్పార్కు ప్లగ్గులు మార్చాడు. నాలుగు రోజులు బాగున్నది, మళ్ళీ మొదటికొచ్చింది. అప్పుడే నాకు అనుమానం రావలసింది.

త్వరణం తగ్గడానికి దారులు మూడే. ఇంజను తగినంత శక్తిని ఇవ్వకపోవచ్చు. ఇచ్చిన శక్తి చక్రాలకు చేరకపోవచ్చు. చేరినా ఏదో వెనక్కు లాగుతుండవచ్చు. ఏది తేలికగా తెలుస్తుందో దాన్నే ముందు చూడాలి. నాలుగు చక్రాల దగ్గరా అరచేయి పెట్టి చూశాను, తాకకుండా సుమా! బ్రేకు పట్టేసిన చక్రం మిగతావాటికంటే బాగా వేడెక్కుతుంది. అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. టైర్లలో గాలి సరిగానే ఉన్నది. ఇక క్లచ్చి జారితే ఇంజను చప్పుడు పైకి లేచిపోతుంది, బండి మాత్రం కదిలినట్టుండదు. మా బండిలో చప్పుడు కూడా మెల్లగానే పెరిగింది. కనుక క్లచ్చి కాదు. దోషం ఇంజనులోనే!

నిలకడగా నడుస్తున్న ఇంజనులో ఏ తేడా లేదు. మా అబ్బాయిని ఆక్సిలరేటరు తొక్కమని నేను వెనక నిలబడ్డాను. గుప్పున నల్లపొగ వచ్చింది. పూర్తిగా మండని పెట్రోలులోని కార్బనే ఆ నలుపు. అంటే పెట్రోలు తక్కువ కాలేదు, గాలి తక్కువైంది.

గాలి ఎంత కావాలో తెలుసా? పెట్రోలు పూర్తిగా మండాలంటే దాని బరువుకు దాదాపు 15 రెట్లు గాలి ఉండాలి. లీటరు పెట్రోలు సుమారు 740 గ్రాములు. దానికి 11 కిలోల గాలి, అంటే దాదాపు 9 ఘనమీటర్లు. పొడవు, వెడల్పు, ఎత్తు మూడేసి మీటర్లున్న గదిలోని గాలంతా మూడు లీటర్ల పెట్రోలుకు సరి! బండి నిలిచి ఉన్నప్పుడు ఇంజను కొంచెమే పీలుస్తుంది కనుక లోపం బయటపడదు. ఒకటిన్నర లీటరు ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరుగుతూ పూర్తిగా పీలిస్తే నిమిషానికి 2200 లీటర్ల దాకా కావాలి. అప్పుడే ఊపిరాడదు.

ఎయిర్ ఫిల్టరు డబ్బా మూత తీశాను. కాగితపు మడతల నిండా ఎర్రమట్టి, దానిమీద నల్లని బొగ్గుపొడి. నేను రోజూ కొత్తగూడెం నుంచి బొగ్గు లారీల వెనక కొంత, మట్టిరోడ్డు మీద కొంత నడిపి బడికి వెళ్ళేవాణ్ణి. ఎండకు ఎత్తి పట్టుకుంటే అవతలి వెలుతురు చుక్కయినా కనబడలేదు. మా కార్బురేటరు గాలి అందక పెట్రోలును ఎక్కువ పాళ్ళలో కలుపుతున్నది. ఆ మసి పట్టి కొత్త ప్లగ్గులూ నల్లబడుతున్నాయి. మెకానిక్కు మార్చింది రోగాన్ని కాదు, రోగ లక్షణాన్ని.

ఫిల్టరును తట్టి దుమ్ము రాల్చి మళ్ళీ బిగించాను. అది తీసేసి నడపవచ్చు కదా అని మా అబ్బాయి అన్నాడు. కూడదు. మట్టిలోని ఇసుక రేణువులు సిలిండరు గోడలను గరుకు కాగితంలా అరగదీస్తాయి. భద్రాచలం దాకా ఏ లారీనీ దాటకుండానే వెళ్ళాము. కల్యాణం మొదలయ్యాకే చేరామనుకోండి.

తిరిగి వచ్చాక ఒక పరీక్ష చేశాను. ఖాళీగా ఉన్న తిన్నని రోడ్డు మీద 40 నుంచి 60 కిలోమీటర్ల వేగానికి చేరడానికి పాత ఫిల్టరుతో 12 సెకన్లు పట్టింది. కొత్త ఫిల్టరు వేసి, ప్లగ్గుల మసి తుడిచాక 7 సెకన్లు. త్వరణాలు సెకనుకు సెకనుకు 0.46 మీటర్లు, 0.79 మీటర్లు. ఇప్పుడు ఆ లారీ లెక్క వేద్దాం. కారు లారీకంటే 40 మీటర్లు అదనంగా పోవాలనుకోండి. త్వరణం స్థిరమైతే మొదటి దానితో 13 సెకన్లు, రెండో దానితో 10 సెకన్లు పడుతుంది. ఈలోగా ఎదురుగా 60 కిలోమీటర్ల వేగంతో బస్సు కూడా వస్తుంటుంది. రెండు బండ్లూ నడిచిన దూరాలు కలిపితే బాగున్న కారుకు సుమారు 320 మీటర్ల ఖాళీ రోడ్డు చాలు. మా కారుకు 400 మీటర్లు కావలసి వచ్చింది. ఆ మలుపు దగ్గర నాకు కనబడిన రోడ్డు అంత లేదు. మీరూ కాగితం మీద చేసి చూడండి.

ఇప్పుడు ఆ ప్రాంతం భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఉన్నది, 2016లో ఏర్పడింది. కార్లూ మారాయి. అంబాసిడరు, పద్మిని, తొలినాటి మారుతి 800లలో ఉండిన కార్బురేటరు ఇప్పటి కార్లలో లేదు. లోపలికి వచ్చే గాలిని కంప్యూటరు కొలిచి, దానికి తగినంత పెట్రోలునే చిమ్మిస్తుంది. అమెరికాలోని ఓక్‌రిడ్జ్ జాతీయ ప్రయోగశాల 2009లో ఇలాంటి కార్లను పరీక్షించింది. మూసుకుపోయిన ఫిల్టరు మార్చితే మైలేజీ పెరగలేదు, కాని త్వరణానికి పట్టే సమయం 6 నుంచి 11 శాతం మెరుగైంది. గాలి తగ్గితే పెట్రోలూ తగ్గుతుంది కనుక నల్లపొగ రాదు, ఖర్చూ పెరగదు. శక్తి మాత్రమే తగ్గుతుంది. కాబట్టి మీ ఇంటి కారు దుమ్ము రోడ్ల మీద తిరిగేదయితే పొగ కోసం ఎదురుచూడవద్దు. ఇంజను చల్లబడ్డాక నాన్నగారి చేత ఫిల్టరు డబ్బా తెరిపించి చూడండి.