బొమ్మ పోయింది, కథ మిగిలింది

సినిమా అంటే మనకు పాటలు, మాటలు, ఫైటింగులు. కానీ మొదట్లో సినిమాకు నోరు లేదు. బొమ్మ కదిలేది. మాట్లాడేది కాదు. అందుకే వాటిని మూకీలు అన్నారు.

మరి కథ ఎలా తెలిసేది? నడుమ నడుమ తెర మీద అక్షరాలు పడేవి. "రాజు వేటకు వెళ్ళాడు" లాంటి మాటలు. చదువు వచ్చినవాళ్ళు చదువుకునేవారు. రానివాళ్ళ కోసం హాల్లో ఒక మనిషి నిలబడి గట్టిగా చదివి చెప్పేవాడు. అతను చెప్పిందే కథ. సొంత మాటలు ఎన్ని కలిపేవాడో, చదవడం రానివాళ్ళకు ఏటి తెలుస్తుంది?

తెలుగువాళ్ళు తీసిన మొదటి మూకీ పేరు భీష్మ ప్రతిజ్ఞ. 1921లో మద్రాసులో తీశారు. తీసినవారు తండ్రీ కొడుకులు. తండ్రి రఘుపతి వెంకయ్య. కొడుకు ప్రకాష్.

వెంకయ్య గారు 1869లో బందరులో పుట్టారు. మద్రాసు వెళ్ళి ఫోటోలు తీసే దుకాణం పెట్టారు. తరవాత బొమ్మ ఆడించే యంత్రం కొన్నారు. దాన్ని పట్టుకొని ఊరూరా తిరిగారు. డేరా వేసి బొమ్మ చూపించారు. సముద్రం దాటి సింహళం వెళ్ళారు. రంగం కూడా వెళ్ళారు. రంగం అంటే రంగూన్. ఆ రోజుల్లో కళింగపట్నంలో, భీమిలిలో ఓడ ఎక్కి మనవాళ్ళు ఎంతోమంది రంగం కూలికి పోయేవారు. మీ ఇంటి పెద్దల కథల్లో ఆ మాట వినే ఉంటారు. వాళ్ళలో ఎవరైనా ఆ డేరాలో కూర్చున్నారేమో!

తరవాత వెంకయ్య గారు మద్రాసులో గెయిటీ అనే సినిమా హాలు కట్టారు. పని నేర్చుకోమని కొడుకును ఇంగ్లండు పంపారు. కొడుకు తిరిగి వచ్చాక ఇద్దరూ కలిసి స్టూడియో పెట్టారు. భీష్మ ప్రతిజ్ఞ తీశారు.

భీష్ముడి వేషం ప్రకాష్ వేశారు. గంగ వేషం పెగ్గీ కాస్టెల్లో అనే ఆంగ్లో ఇండియన్ ఆమె వేసింది. ఇది చిన్న సంగతి కాదు. అంతకు ఎనిమిదేళ్ళ ముందు, 1913లో, ఫాల్కే గారు బొంబాయిలో రాజా హరిశ్చంద్ర తీశారు. అందులో రాణి వేషానికి తగిన ఆడవాళ్ళు దొరకలేదు. చివరికి సాలుంకే అనే మగవాడు చీర కట్టాడు.

భీష్మ ప్రతిజ్ఞ ఇప్పుడు చూద్దామంటే లేదు. ఒక్క రీలు కూడా మిగలలేదు.

మూకీలు ఎందుకు పోయాయి? ఆ కాలం ఫిలిం నైట్రేటుతో చేసేవారు. దానికి నిప్పు తగిలితే భగ్గున మండుతుంది. నీళ్ళలో ముంచినా ఆరదు. ఉక్కకు, తేమకు జిగురు పట్టి, చివరికి పొడి అయిపోతుంది. ఇంకో సంగతి ఉంది. ఫిలిం మీద బొమ్మ ఏర్పడేది వెండితో. మాటల సినిమాలు వచ్చాక మూకీలు అడిగేవాళ్ళు లేరు. అందుకని పాత రీళ్ళు కరిగించి వెండి తీసుకున్నారు. ఎంత వెండి వచ్చి ఉంటుంది? దానికోసం బొమ్మలు పోగొట్టుకున్నాం. నాకు అదే బాధ.

మన దేశంలో సుమారు 1300 మూకీలు తీశారు. ఈరోజు 30 కూడా మిగలలేదు. పాత సినిమాలు దాచడానికి 1964లో పూనాలో ప్రభుత్వం ఒక భాండాగారం పెట్టింది. అప్పటికే చాలా పోయాయి. రాజా హరిశ్చంద్రకు నాలుగు రీళ్ళు. మొదటిది, చివరిది దొరికాయి. నడుమ రెండూ లేవు. ఆ దొరికినవి కూడా 1917లో మళ్ళీ తీసినవని కొందరు అంటారు.

ఒక్కోసారి అదృష్టం కలిసి వస్తుంది. 1933లో తీసిన మార్తాండ వర్మ అనే మూకీ తిరువనంతపురంలో ఒక పుస్తకాల కొట్టులో ఉండిపోయింది. 1974లో అది పూనా చేరింది. భీష్మ ప్రతిజ్ఞ కూడా ఏ అటక మీదో ఉందంటే సంతోషమే. కానీ నూరేళ్ళు దాటిపోయాయి.

సినిమా పోయినా కథ మనకు తెలుసు. సత్యవతి పడవ నడిపే పిల్ల, మన జాలరిపేటల పిల్లలాంటిదే. శంతను మహారాజు ఆమెను చేసుకుంటానన్నాడు. తన కూతురి కొడుకుకే రాజ్యం కావాలని ఆమె తండ్రి పట్టు పట్టాడు. రాజు కొడుకు రాజ్యం వదిలేశాడు. పెళ్ళి కూడా వద్దనుకున్నాడు. అతనే భీష్ముడు. సత్యవతిని మాత్రం ఎవరైనా అడిగారా?

పలక తీయండి. సత్యవతి తెర మీద నిలబడి ఉంది. పెదవులు కదులుతున్నాయి, మాట వినబడదు. ఆమె మాట అక్షరాల్లో పడాలి. అయిదు మాటలు మించకూడదు. ఏం రాస్తారు?