కేబుల్ బాక్సుకూ స్మార్ట్ టీవీకీ పొత్తు కుదిర్చే విధం

(ద్వితీయ సంవత్సరం బి.ఎస్సీ. విద్యార్థి)

నేటి జీవితంలో టెలివిజన్‌కు గల స్థానాన్ని గురించి వేరే చెప్పనక్కర లేదు. 1975 ఆగస్టు నుంచి 1976 జూలై దాకా జరిగిన ఉపగ్రహ విద్యా టెలివిజన్ ప్రయోగంలో ఎ.టి.ఎస్.-6 అనే ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు కార్యక్రమాలు అందాయి. ఆ ఆరింటిలో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. 1977లో హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం వచ్చింది. ఆ తర్వాత కేబుల్ వచ్చింది. 2012లో మహానగరాల్లో మొదలుపెట్టి, దశలవారీగా పల్లెల దాకా కేబుల్ ప్రసారాలను డిజిటల్ పద్ధతికి మార్చడంతో ఇంటింటికీ ఒక బాక్సు తప్పనిసరి అయింది. ఇప్పుడు ఇంటర్నెట్ నుంచి బొమ్మ తెచ్చుకునే స్మార్ట్ టీవీ వచ్చింది. ఈ రెంటినీ కలిపే పద్ధతినీ, దాని వెనక వున్న భౌతికశాస్త్రాన్నీ క్లుప్తంగా చెప్పుకుందాం.

బాక్సు ఇంకా ఎందుకు?

"స్మార్ట్ టీవీ కొన్నాక బాక్సెందుకు, తీసి పారెయ్యండి" అనేవాళ్ళు చాలామంది వున్నారు. కాస్త లెక్క చూద్దాం. మంచి నాణ్యత గల బొమ్మకు సెకనుకు సుమారు 5 మెగాబిట్లు కావాలి. గంటకు 5 × 3,600 = 18,000 మెగాబిట్లు. 8 బిట్లు ఒక బైటు గనక 2,250 మెగాబైట్లు, అంటే రెండుంబావు గిగాబైట్లు. ఫోనులో రోజుకు రెండు గిగాబైట్ల ప్యాకు వేయించుకునే ఇంట్లో సినిమా సగమైనా కాకముందే డేటా అయిపోతుంది.

మా ఇంట్లో సరిగ్గా ఇదే జరిగింది. పత్తి డబ్బులు చేతికొచ్చాక కొత్త టీవీ కొన్నారు. అమ్మినాయన బాక్సు అక్కర్లేదన్నాడు. నాలుగు రోజులు బాగానే వుంది. ఆ తర్వాత పొద్దున పూట వ్యవసాయ కార్యక్రమం, వాన కబురు చూసే నాన్నకూ, సీరియల్ చూసే నాయనమ్మకూ టీవీ లేనట్టే అయింది. "ఇది చదువుకున్నోళ్ళ టీవీరా" అంది నాయనమ్మ. ఆ మాటే ఈ వ్యాసానికి కారణం.

కేబుల్ వైరును తిన్నగా టీవీలోనే పెట్టకూడదా అని అడగవచ్చు. పెట్టినా సాధారణంగా బొమ్మ రాదు. ప్రసారాలు తాళం వేసినట్టు సంకేత రూపంలో వస్తాయి. ఆ తాళం తీసే చెవి బాక్సులో వుంటుంది.

కన్నాల సంగతి

బాక్సు వెనక సామాన్యంగా రెండు రకాల దారులు వుంటాయి.

మొదటిది మూడు రంగుల ఎ.వి. వైరు. పసుపు బొమ్మకు, తెలుపు ఎడమ శబ్దానికి, ఎరుపు కుడి శబ్దానికి. ఇందులో వెలుగు, రంగు రెండూ ఒకే తీగ మీద కలిసి ప్రయాణిస్తాయి. టీవీ వాటిని మళ్ళీ పూర్తిగా విడదీయలేదు. అందుకే అంచుల్లో రంగు చెదిరినట్టు కనిపిస్తుంది. పైగా ఈ దారిలో బొమ్మకు 576 గీతలే. కొన్ని కొత్త టీవీలకు మూడు కన్నాల బదులు ఒకే చిన్న కన్నం వుంటుంది. దానికి సరిపడే జోడింపు వైరు కావాలి. ఇయర్‌ఫోను కన్నాన్ని చూసి అదే అనుకోకండి.

రెండోది హెచ్.డి.ఎం.ఐ. వైరు. దీని మొదటి రూపం 2002లో వచ్చింది. 19 పిన్నులు వుంటాయి. బొమ్మా శబ్దమూ ఒకే వైరులో, డిజిటల్ రూపంలోనే పోతాయి. 1080 గీతల బొమ్మను చెక్కుచెదరకుండా అందిస్తుంది. ఇందులోని కిటుకు చూడండి: ఒక్కొక్క సంకేతాన్ని జంట తీగల మీద, ఒకదానికొకటి వ్యతిరేకంగా పంపుతారు. ఒకదాంట్లో +5, రెండోదాంట్లో -5 అనుకుందాం. దారిలో బయటి అలజడి రెంటికీ 2 కలిపితే అవి 7, -3 అవుతాయి. టీవీ చూసేది తేడానే. అది ముందూ 10, ఇప్పుడూ 10. అలజడి తనంతట తానే కొట్టుకుపోయింది.

కలిపే క్రమం

1. టీవీ, బాక్సు రెండింటి ప్లగ్గులూ తీసెయ్యాలి. చాలా బాక్సుల అడాప్టర్లకు ఎర్తు పిన్ను వుండదు. లోపలి చిన్న కెపాసిటర్ ద్వారా కొద్ది విద్యుత్తు బయటి లోహభాగానికి చేరి వేలికి జిల్లుమంటుంది. గట్టిగా షాకు కొడితే మాత్రం ముట్టుకోకుండా ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి.

2. స్తంభం నుంచి వచ్చే కేబుల్‌ను బాక్సుకు బిగించాలి. నడిమి రాగి తీగకు చుట్టూ వున్న జల్లెడ తీగలు తగలకూడదు.

3. హెచ్.డి.ఎం.ఐ. వైరు ఒక కొస బాక్సుకు, రెండో కొస టీవీకి పెట్టి, టీవీ కన్నం నెంబరు గుర్తుంచుకోవాలి. ఎ.ఆర్.సి. అని రాసివున్న కన్నాన్ని స్పీకర్ల కోసం వదిలెయ్యడం మంచిది.

4. రెండింటికీ కరెంటు ఇచ్చి, టీవీ రిమోటులో సోర్సు లేక ఇన్‌పుట్ మీట నొక్కి ఆ నెంబరు ఎంచుకోవాలి.

5. మనుషులు పొట్టిగా, లావుగా కనిపిస్తుంటే బాక్సు మెనూలో తెర కొలతను 16:9కి మార్చాలి.

బొమ్మ రాకపోతే

మోటారు దగ్గర నీళ్ళు పడుతున్నాయో లేదో చూశాకే గదా కాలవ వెంట నడుస్తాం! ఇక్కడా అంతే. బాక్సు రిమోటులో మెనూ మీట నొక్కండి. మెనూ తెరమీద కనబడితే బాక్సు నుంచి టీవీ దాకా దారి బాగున్నట్టే. లోపం బయట నుంచి వచ్చే కేబుల్‌లోనో, కట్టాల్సిన చందాలోనో వుంటుంది. ఆపరేటర్‌కు కబురు చెయ్యాలి. మెనూ కూడా కనబడకపోతే లోపం మన ఇంట్లోనే: తప్పు ఇన్‌పుట్, వదులైన వైరు, లేక కరెంటు అందని బాక్సు. ఉరుములు మెరుపుల వేళ మాత్రం కరెంటు ప్లగ్గులతో పాటు కేబుల్ వైరునూ ముందుగానే ఊడదీసి వుంచడం శ్రేయస్కరం.

మిత్రులారా! సెలవులకు ఇళ్ళకు వెళ్ళినప్పుడు ఈ పని మీరొక్కరే చేసేసి తిరిగి రావద్దు. ఏ కన్నంలో ఏ వైరో తెలుగులో రాసి టీవీ వెనక అంటించండి. రిమోటులో సోర్సు మీటకు రంగు చుక్క పెట్టండి. ఇంట్లో పెద్దవాళ్ళ చేత రెండుసార్లు నొక్కించండి. మా నాయనమ్మ ఇప్పుడు ఇంటర్నెట్ నుంచి కేబుల్‌కు తానే మార్చుకుంటుంది. అదేమంత కష్టం కాదట!