మొదటి చందా మనదే

పదిమందికి పనికొచ్చే పని కోసమైనా సరే, డబ్బు అడగాలంటే మనలో చాలామందికి నోరు పెగలదు. అవతలివాళ్లు మొహం తిప్పుకుంటారేమో, వెనకాల ఏమనుకుంటారో అని మొహమాటం. దానికి ఆత్మాభిమానం అని పేరు పెట్టుకుంటాం. నన్నడిగితే, ఆ తడబాటుకు కారణం చాలాసార్లు ఒక్కటే: మన వాటా మనం ఇంకా వెయ్యలేదు.

అమెరికాలో అంతర్యుద్ధం ముగిసిన మరుసటి ఏడాది, 1866లో, నాష్‌విల్‌లో ఫిస్క్ విద్యాసంస్థ మొదలైంది. అప్పుడప్పుడే బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లజాతివారి చదువు కోసం పెట్టిన బడి అది. సైన్యం ఖాళీ చేసిన ఆసుపత్రి షెడ్లే తరగతి గదులు. ఆ ఊళ్లో మనుషుల్ని వేలం వేసిన చోట తుప్పు పట్టిన సంకెళ్లు పడి ఉంటే, వాటిని పోగుచేసి పాత ఇనుము కింద అమ్మి, వచ్చిన డబ్బుతో అక్షరాలు దిద్దించే పుస్తకాలు కొన్నారని ఫిస్క్‌వాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు.

1871 నాటికి అప్పులు పీకలమీదికొచ్చాయి. కోశాధికారి జార్జ్ వైట్ సంగీతం కూడా నేర్పేవాడు. తొమ్మిదిమంది విద్యార్థుల్ని వెంటబెట్టుకుని అక్టోబరు 6న బయల్దేరాడు. ఊరూరా కచేరీలు చేసి బడికి డబ్బు తేవాలి. నల్లవాళ్లని గదులివ్వని హోటళ్లు ఎదురయ్యాయి. చలికి సరైన బట్టల్లేవు. వచ్చిన కలెక్షన్ దారి ఖర్చులకే చాలేది కాదు. ఆ స్థితిలో, తొలి రోజుల్లో చేతికందిన సుమారు 50 డాలర్లను వాళ్లు అప్పుడే చికాగోలో జరిగిన అగ్నిప్రమాదపు బాధితులకు ఇచ్చేశారు! తమ బడి మూతపడే ప్రమాదం ఉందని తెలిసీ ఇచ్చారు. ఆ చోట నేను ప్రతిసారీ ఆగిపోతాను. ఇచ్చినవాళ్లు అడిగితే ఆ మాటకుండే బరువే వేరు. జూబిలీ సింగర్స్ పేరుతో ఆ తొలి యాత్రలోనే వాళ్లు సుమారు 20,000 డాలర్లు సంపాదించారు. అలా పాటలతో కూడబెట్టిన డబ్బుతో లేచిన జూబిలీ హాల్‌ను 1876 జనవరి 1న ప్రారంభించారు.

దాదాపు నూట యాభై ఏళ్ల తర్వాత, అడిగేవాళ్లు ముందు తామే ఇవ్వాలా అన్న ప్రశ్న మరో క్యాంపస్ ముందుకొచ్చింది. వాషింగ్టన్‌లోని జార్జ్‌టౌన్ కళాశాలను, అంటే ఇప్పటి విశ్వవిద్యాలయాన్ని, నడిపిన జెసూయిట్ మతగురువులు 1838లో 272 మంది బానిసల్ని లూసియానా తోటల యజమానులకు అమ్మారు. ఆ సొమ్ములో కొంత కళాశాల అప్పులు తీర్చింది. ఆ అమ్మకపు పత్రంలో మొదటి పేరు ఐజాక్. 2015లో విద్యార్థులు బైఠాయించాక, అమ్మకం జరిపించిన మాజీ అధ్యక్షుడి పేరున్న భవనానికి ఆ పేరు తీసేశారు. 2017లో దానికి ఐజాక్ హాకిన్స్ పేరు పెట్టారు.

పేరు మార్చడానికి జేబులోంచి ఎవరికీ ఏమీ పోదు. విద్యార్థులు అక్కడితో ఆగలేదు. ఒక్కొక్కరం సెమిస్టరుకు 27 డాలర్ల 20 సెంట్లు ఫీజుగా కడదాం, ఆ నిధి అమ్ముడుపోయిన వాళ్ల వారసుల మేలు కోసం వాడదాం అని ప్రతిపాదించారు. 272 మంది గుర్తుగా ఆ అంకె. 2019 ఏప్రిల్‌లో ఓటింగ్ పెడితే 2,541 మంది సరే అన్నారు, 1,304 మంది వద్దన్నారు.

వద్దన్నవాళ్లందర్నీ పాషాణ హృదయులు అనుకోకండి. అప్పు చేసింది సంస్థ అయితే, అప్పో సప్పో చేసి చదువుకుంటున్న పిల్లల మీద వడ్డన ఏమిటన్నది న్యాయమైన ప్రశ్నే. ఫండ్ పోగుచేయాలనుకునేవాళ్లకు అసలు పరీక్ష ఇలాంటి చోటే ఎదురవుతుంది. ఆ ప్రశ్నకు కోపం తెచ్చుకోకుండా జవాబు చెప్పగలగాలి. నా జవాబు ఇది: సంస్థ కట్టాల్సింది కట్టాలి. కానీ ఆ గోడల మధ్య చదువుకుని డిగ్రీ పట్టుకుపోయేవాళ్లకు ఆ లెక్కతో సంబంధం లేదనలేం. అంతకన్నా ముఖ్యం, తమ జేబు ముందు తెరిచిన పిల్లలు యాజమాన్యాన్ని సూటిగా అడగగలిగారు.

అదే ఏడాది అక్టోబరులో విశ్వవిద్యాలయం స్పందించింది. తప్పనిసరి ఫీజు ఉండదంది. దాని బదులు, ఏటా సుమారు 4 లక్షల డాలర్లు స్వచ్ఛంద విరాళాలుగా సేకరించి వారసుల సమాజాలకు ఉపయోగపడే పనులకు ఇస్తామంది. డబ్బు అంతే కావచ్చు. అయినా నాకు వెలితిగానే తోస్తుంది. అందరూ సమానంగా మోద్దామనుకున్న బరువు, ఇష్టమున్నవాళ్లు ఇచ్చే దానంగా మారిపోయింది. దానం చేసినవాడికి దండాలు పెడతాం. బాకీ తీర్చినవాడికి ఎవరూ దండం పెట్టరు, పెట్టక్కర్లేదు కూడా. ఆ పిల్లలు కోరుకున్నది ఆ రెండోదే.

అమెరికా క్యాంపస్‌లలో మన తెలుగు పిల్లలూ పెద్ద సంఖ్యలో చదువుతున్నారు. రేపు ఎవరో తోటి విద్యార్థి ఇలాంటి నిధికి చందా అడుగుతూ మీ ముందు నిలబడవచ్చు. ఇది మనవాళ్ల సంగతి కాదుగా అని పక్కకు తప్పుకోకండి. ఆ డబ్బు ఎవరికి వెళుతుంది, ఖర్చు నిర్ణయంలో వాళ్లకు మాట ఉందా, లెక్కలు ఎక్కడ చూపిస్తారు అని అడగండి. సంతృప్తి కలిగితే మీకు చేతనైనంత ఇచ్చి, ఆ సాయంత్రం ఒక గంట ఆ విద్యార్థి పక్కన నిలబడి మీరూ అడగండి.